తొందరపడి చెప్పిన సాక్ష్యం

మా చర్చిలో ఆదివారం పాటలయ్యాక అయ్యగారు, అంటే మా పాస్టరు, కళ్లద్దాలు సర్దుకుని, "సాక్ష్యాలున్నవాళ్లు లేవండి" అంటారు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ అరికాళ్లు చల్లబడతాయి.

సాక్ష్యం అంటే తెలియనివాళ్లకు చెబుతాను. చాపల మీద కూర్చున్నవాళ్లలో ఒకరు లేచి, ఆ వారం దేవుడు తమకు చేసిన మేలు చెబుతారు. తప్పిపోయిన బర్రె దొరికిందని ఒకరు, బిడ్డకు జ్వరం తగ్గిందని ఒకరు, కొడుకు పదో తరగతి గట్టెక్కాడని ఒకరు. విన్నవాళ్లంతా "స్తోత్రం" అంటారు. ఒకసారి అందరూ స్తోత్రం అన్నాక ఆ మాట చెప్పినవాళ్లది కాదు, సంఘానిది. దాన్ని వెనక్కి తీసుకోవడం మా దగ్గర లేదు. దొరికిన బర్రె మర్నాడే మళ్లీ తప్పిపోయినా ఎవరూ లేచి చెప్పరు. చెబితే దేవుడికి తలవంపులని అనుకుంటారు. నేనూ అట్లాగే అనుకున్నాను. ఆ అనుకోవడమే మా ఇంటిని ముంచబోయింది.

మాది మానుకోట. కాగితాల మీద మహబూబాబాద్ అని రాస్తాం గానీ నోటికి మానుకోటే వస్తుంది. నేను పుట్టింది మాత్రం భూపాలపల్లి వైపు చిన్న పల్లెలో. అమ్మా బాపూ కూలికి పోయేవాళ్లు. అయ్యగార్ల పుణ్యమా అని నన్ను జనగామ బోర్డింగు బడిలో వేశారు. టీచరమ్మనై కుర్చీలో కూర్చోవాలని నాకు మహా ఆశగా ఉండేది. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వచ్చింది. బడులు మూతపడ్డాయి, రోడ్ల మీద ఎక్కడ చూసినా విద్యార్థులే, రైలు ఎప్పుడు ఆగుతుందో ఎప్పుడు కదులుతుందో తెలియదు. వార్డెనమ్మ మా పెట్టెలు సర్దుకోమన్నారు. బాపు వచ్చి, "బడి తెరిచినంక పంపుత తియ్యి" అని తీసుకుపోయాడు. బడి తెరిచేలోగా నాకు సంబంధం చూశాడు. నా చదువు ఉద్యమంలో పోయిందని నలుగురిలో చెబుతుంటాను గానీ, నిజానికి అది మా బాపు తొందరలో పోయింది. ఆ కోపం నాకు చాలా ఏళ్లు ఉంది.

మా ఆయన దర్జీ. మానుకోట బజారులో ఒక సావుకారి బట్టల దుకాణం ముందు అరుగు మీద మిషను వేసుకుని కుట్టేవాడు. దుకాణంలో గుడ్డ కొన్నవాళ్లు అరుగు మీదే కొలతలిచ్చి పోయేవాళ్లు. నోట్లో నాలుక లేని మనిషి. నేను పది మాటలంటే ఆయన ఒక్కటి అనేవాడు, అది కూడా "సరే"నే. చర్చిలో వెనక గోడకు ఆనుకుని కూర్చునేవాడు. పెళ్లయిన ఏడెనిమిదేళ్లలో ఒక్కసారి కూడా సాక్ష్యానికి లేవలేదు. "నాకు నలుగురిల మాట రాదే" అనేవాడు.

మా సంఘంలో ఇంకో పద్ధతి ఉంది. పొయ్యి మీద ఎసరు పెట్టి, బియ్యం కడిగే ముందు ఒక పిడికెడు తీసి పక్కనున్న చిన్న కుండలో వేస్తాం. అది దేవుని బియ్యం. శనివారం మధ్యాహ్నం ఒక అవ్వ గుడ్డసంచి భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగి ఆ పిడికిళ్లు పోగుచేసి అయ్యగారింట్లో పోసేది. అందరం ఆమెను బియ్యం అవ్వ అనేవాళ్లం. వాన పడ్డా ఎండ కాసినా ఆమె శనివారం తప్పేది కాదు. ఇరవై ఇళ్ల బియ్యం ఒక్క సంచిలో కలిస్తే ఎట్లా ఉంటాయో వండినవాళ్లకే తెలుస్తుంది. ఒకరివి దొడ్డువి, ఒకరివి సన్నవి, ఒకరివి ఉత్త నూకలు. కొన్ని గుజ్జయిపోతాయి, కొన్ని పలుకు మీదే ఉండిపోతాయి. "ఈ ఊరొచ్చాక సరిగ్గా ఉడికిన అన్నం తిన్న రోజు లేదమ్మా" అని, మేం అమ్మగారు అని పిలిచే అయ్యగారి భార్య నవ్వేవారు. నేనూ పడీ పడీ నవ్వేదాన్ని. అప్పుడు నాకేం తెలుసు!

మా బిడ్డకు అయిదో ఏడు నడుస్తుండగా ఆయనకు దగ్గు మొదలైంది. బట్టల దుమ్ము అనుకున్నాం. శొంఠి, మిరియాలు, తులసి, అన్నీ అయ్యాయి. మనిషి కర్రలాగా ఎండిపోయాడు. సర్కారు దవాఖానలో కఫం చూసి, ఛాతీ ఫోటో తీసి, క్షయ అన్నారు. డాక్టరు గారు గట్టిగా చెప్పారు. "రెండు నెలలు రోజూ సూది. పద్దెనిమిది నెలలు గోలీలు. బాగైనట్టు అనిపించినా ఒక్క రోజు మానకూడదు." బయట వరండాలో కాంపౌండరు మళ్లీ చెప్పాడు. "ఇన్నవా అన్నా, తక్కువైందని నడుమల ఆపినవనుకో, మళ్లస్తది. గప్పుడు గీ మందులకు లొంగది." ఇద్దరం బుద్ధిగా తల ఊపాం.

ఆ రెండు నెలలు తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు బరువెక్కుతుంది. పొద్దున్నే ఆయనను దవాఖాన వరుసలో నిలబెట్టి, బిడ్డను బడికి తోలి, ఇంటికొచ్చి వండి, ఆయన కుట్టినంత మేరకు గుండీలు, కాజాలు, చేతికుట్లు నేను వేసేదాన్ని. సూదితో నా వేళ్లు, సూదితో ఆయన తుంట్లు, రెండూ తూట్లు పడ్డాయి. మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేద్దామంటే అక్కడే కళ్లు మూతపడేవి. దేవుడికి నా ప్రార్థనకంటే నా గురక ఎక్కువ వినిపించి ఉంటుంది.

సూదులు పూర్తయ్యేసరికి ఆయన మొహంలో కళ వచ్చింది. దగ్గు తగ్గింది, ఆకలి పుట్టింది, చొక్కా బిగుతైంది. ఆ సమయంలోనే జనగామలో మూడు రోజుల సువార్త కూటాలు పెట్టారు. ప్యాసింజరు ఎక్కి ముగ్గురం పోయాం. నేను చదువుకున్న ఊరు కదా, స్టేషన్‌లో దిగగానే ఏడుపొచ్చింది. పందిట్లో ఎక్కడెక్కడి నుంచో వచ్చిన జనం. చివరి రోజు మధ్యాహ్నం రోగుల కోసం ప్రార్థన చేశారు. చేసిన బోధకుడు మందులు ఆపమని ఒక్క మాట కూడా అనలేదు. ఎవరడిగినా ఆ సంగతి నేను ముందే చెబుతాను. ప్రార్థనయ్యాక సాక్ష్యాలకు లేవమన్నారు. నా పక్కన మగవాళ్ల వరుసలో ఏదో కదిలినట్టయింది. చూస్తే లేచింది మా ఆయనే!

వేదిక దాకా నడిచిపోయి, మైకు ముందు నిలబడి, పెళ్లయ్యాక నేను ఎన్నడూ వినని గొంతుతో మాట్లాడాడు. "నేను చచ్చెటోన్ని. దేవుడు బతికిచ్చిండు. దగ్గు లేదు, నెత్తురు లేదు. ఇగ గోలీలతోని నాకు పని లేదు" అన్నాడు. అని నా వైపు చెయ్యి చాచాడు. గోలీల పొట్లం నా సంచిలో ఉండేది. నేను లేచి, జనంలోంచి దారి చేసుకుంటూ పోయి, ఆ పొట్లం తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని వేదిక మీది బల్లపై ఉంచాడు. పందిరంతా స్తోత్రం అని మారుమోగింది. అందరికంటే గట్టిగా అరిచింది నేనే. అలసిపోయి ఉన్నాను. ఆ వరుసల్లో నిలబడడం అయిపోయిందని, ఇక గోలీల కోసం కూడా దవాఖాన మెట్లు ఎక్కనక్కర్లేదని నా ఒళ్లంతా సంబరపడింది. దాన్నే విశ్వాసం అనుకున్నాను.

ఆ తర్వాత మా ఆయనను అందరూ నెత్తిన పెట్టుకున్నారు. గార్ల నుంచి కబురు, పెద్దవంగర నుంచి కబురు, నా పుట్టింటి వైపు నుంచి కబురు. "అన్నా, జర మా సంఘంల గూడ నీ సాక్ష్యం చెప్పు" అని. ఆదివారం వస్తే రైలో బస్సో ఎక్కేవాళ్లం. పోయిన చోట కోడిని కోసి కూర వండేవాళ్లు. వెనక గోడకు ఆనుకునే మనిషి మా చర్చిలో కూడా ముందు చాప మీదికి వచ్చి అదే సాక్ష్యం చెప్పాడు. నేను కుట్టిన తెల్ల చొక్కా వేసుకుని, చేతులు కట్టుకుని చెబుతుంటే నాకే ముచ్చటేసేది. "అబ్బో, ఇన్ని మాటలు ఏ మూట్ల దాచినవయ్యా?" అని ఆటపట్టించేదాన్ని. సిగ్గుపడి నవ్వేవాడు. ఆ నవ్వు నాకు చాలా ఇష్టంగా ఉండేది. అందుకే తర్వాత నోరు తెరవడం అంత కష్టమైంది.

నాలుగైదు నెలలకు దగ్గు తిరిగొచ్చింది. మొదట పొద్దున పూట, తర్వాత మెట్లెక్కితే, తర్వాత ఊరికే. సాక్ష్యం చెప్పే ముందు ఆయన బుగ్గన పెట్టుకోవడానికి పటికబెల్లం ముక్కలు కాగితంలో చుట్టి ఇచ్చేదాన్ని. ఎందుకని ఆయన అడగలేదు, ఎందుకో నేను చెప్పలేదు. ఇద్దరం కలిసి దగ్గును దేవుడికి కూడా కనబడకుండా దాచాలని చూశాం.

గార్లలో ఒకసారి, సాక్ష్యం అయ్యాక ఒక ముసలావిడ వచ్చి ఆయన చేతులు పట్టుకుంది. "నాయినా, మా కోడలుకు గూడ గిదే రోగం. దవాఖాన గోలీలు మింగుతాంది. ఆపుమంటవా?" అని అడిగింది. ఆయన ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు. "ఆపకుండ్రి అవ్వా! ఒక్కపూట గూడ ఆపకుండ్రి" అని నేను అడ్డుపడ్డాను. ఆ మాట నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో నాకే తెలియదు. తిరుగు రైల్లో ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "నా సాక్ష్యం నువ్వే నమ్మవా?" అన్నాడు. నేను బిడ్డ జడ విప్పి మళ్లీ వేస్తూ కూర్చున్నాను.

ఒకరోజు పొద్దున బొంత కుడదామని గుడ్డ ముక్కల మూట విప్పాను. కత్తిరింపులో మిగిలిన ముక్కలు ఆయన ఇంటికి తెచ్చేవాడు, నేను పోగుచేసేదాన్ని. తెల్లవి ఉన్నాయి, నీలివి ఉన్నాయి, పచ్చవి, పువ్వులవి అన్నీ ఉన్నాయి. ఎర్రది మాత్రం ఒక్కటీ లేదు. క్రితం నెలలోనే ఒక పెళ్లివాళ్లకు ఎర్ర జాకెట్లు బోలెడు కుట్టాడు, ముక్కలు దండిగా ఉండాలి. ఎవరికిచ్చాడా అనుకుంటూ పొయ్యి బూడిద పారబోయడానికి పెరట్లోకి పోయాను. బూడిద గుంటలో ఎర్ర ముక్కలు. ఒకదాన్ని తిప్పి చూస్తే అట్టకట్టి ఉంది. నాకు అర్థమైంది. నెత్తురు కనబడకుండా ఎర్ర గుడ్డలోకి దగ్గుతున్నాడు.

అక్కడే బూడిదలో కూలబడ్డాను. తర్వాత లేచి సరాసరి ఇంట్లోకి పోయి ఆ ముక్క ఆయన ముందు పడేశాను.

"ఏందయ్యా ఇది? ఎన్నొద్దులసంది?"

ఆయన తల దించుకున్నాడు.

"లెవ్వు. దవాఖానకు పోదాం."

"నేను పోను."

"ఎందుకు పోవు?"

"ఇన్నూర్లల్ల చెప్పిన. ఇప్పుడు నేను గోలి మింగుతే దేవుడు అబద్ధమైతడు."

నా ఒళ్లు మండిపోయింది. "నువ్వు సస్తే దేవుడు నిజమైతడా?" అని అరిచాను. బిడ్డ భయపడి బయటికి పరిగెత్తింది. ఆయన మాత్రం కదల్లేదు. నేను బతిమాలాను, తిట్టాను, కాళ్లు పట్టుకున్నాను. "సరే" తప్ప తెలియని మనిషి ఆ ఒక్క విషయంలో రాయి అయిపోయాడు.

సావుకారు ఒక మధ్యాహ్నం ఆయనను దుకాణం నుంచి ఇంటిదాకా తనే తోడొచ్చి దింపిపోయాడు. సావుకారు దేవుళ్లు వేరు, మా దేవుడు వేరు. అయినా మా ఇంటి అరుగు కింద నిలబడి, "చెల్లె, మిషను ఆడనే ఉంటది, ఎవ్వరు ముట్టరు. ముందు గీయినెను దవాఖానకు తోల్కపో. కుట్టుడు ఏడికి పోతది?" అన్నాడు. బట్టలమ్ముకునే మనిషికి కనబడింది, ప్రార్థన చేసే మాకు కనబడలేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆయన మంచం పట్టాక ఇంట్లో బియ్యం అడుగంటాయి. ఒకరోజు పొద్దున ఎసరు మరుగుతుంటే డబ్బాలో చెయ్యి పెట్టాను. గోళ్లకు రేకు తగిలింది. పక్కన దేవుని కుండ ఉంది. అందులోంచి మూడు పిడికిళ్లు తీసి ఎసట్లో పోశాను. పోస్తూ దేవుడితో కొట్లాడాను. "ఇన్నేండ్లు నీకు ఏసిన. నువ్వు నాకేం ఏసినవ్? ఆయిన నీ పేరు నిలబెట్టాలని నెత్తురు కక్కుతుండు. నీకు జరన్న కనికరం లేదా?" అన్నాను. మర్నాడూ తీశాను, ఆ మర్నాడూ తీశాను. ఆ వారం ప్రార్థన చేయలేదు. చేయబుద్ధి కాలేదని చెప్పడానికి నాకిప్పుడు సిగ్గు లేదు.

శనివారం మధ్యాహ్నం బియ్యం అవ్వ వచ్చింది. గడప మీద కూలబడి, చెప్పుల్లోంచి కాళ్లు తీసి, "జర నీళ్లియ్యి బిడ్డా, ఎండ చంపుతాంది" అంది. నీళ్లు తాగి సంచి మూతి తెరిచి పట్టుకుంది. నేను కుండ తెచ్చి బోర్లించి చూపించాను.

"తిన్నం అవ్వా. దేవునియి మేమే తిన్నం."

అవ్వ కుండలోకి చూసింది, నా మొహంలోకి చూసింది. లోపల మంచం మీద ఆయన దగ్గుతున్నాడు. ఇక దాచడానికి ఏం మిగిలింది? పటికబెల్లం దగ్గర్నుంచి ఎర్ర ముక్కల దాకా అంతా చెప్పేశాను. గోలి మింగితే దేవుడు అబద్ధమైపోతాడట అని కూడా చెప్పాను.

అవ్వ పాదాలు ఒత్తుకుంది. తిడుతుందనుకున్నాను. "దేవుడు అబద్ధమైతడా? ఎవలన్నరు? మనం తొందరపడ్డం, గంతే. మన తొందర దేవుని మీద పడెయ్యొద్దు" అంది.

"మరి ఏం చెయ్యాలె?"

"యాడ చెప్పిండ్రో ఆడనే లేసి, కాలేదని చెప్పాలె."

"ఆయిన లెవ్వడు అవ్వా."

"గోలీల పొట్లం ఎవలిచ్చిండ్రు? నువ్వే గదా? నువ్వు లెవ్వు."

ఇంకేమీ అనకుండా ఖాళీ సంచి భుజాన వేసుకుని పోయింది. ఆమె కూడా అలసిపోయి ఉంది. నన్ను ఓదార్చే ఓపిక ఆమెకు లేదనిపించింది. అదే మంచిదయింది. ఓదారిస్తే ఏడ్చి ఊరుకునేదాన్ని.

మర్నాడు ఆదివారం. ఆయన పట్టుబట్టి చర్చికి వచ్చాడు. రాకపోతే అనుమానపడతారని. మళ్లీ వెనక గోడకే ఆనుకున్నాడు. పాటలయ్యాయి. అయ్యగారు కళ్లద్దాలు సర్దుకున్నారు. "సాక్ష్యాలున్నవాళ్లు లేవండి."

ఆడవాళ్ల చాపల మధ్య లేచి నిలబడ్డాను. బోర్డింగులో నేర్చుకున్న మాటలన్నీ మర్చిపోయి మా అమ్మ భాషలోకి వచ్చేశాను. "మా ఆయినకు తక్కువ కాలేదు. మేము తొందరపడి చెప్పినం. నెత్తురు పడుతాంది. గోలీలు ఆపిండు, ఆపంగ నేను సూస్కుంట ఊకున్న. పొట్లం నా చేతులతోనే ఇచ్చిన. రేపు దవాఖానకు తోల్కపోత. ఆయిన అస్తడో రాడో తెల్వది. మీరు దేవున్ని అడుగుండ్రి." అని కూర్చున్నాను.

ఎవరూ స్తోత్రం అనలేదు. దీనికి స్తోత్రం అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. బయట చెట్టు మీద కాకి అరుస్తుంటే వినిపించింది. వెనక్కి తిరిగి చూశాను. గోడ దగ్గర ఆయన లేడు.

ప్రార్థన అయ్యేదాకా ఆగలేకపోయాను. బిడ్డను అమ్మగారికి అప్పజెప్పి వెతుక్కుంటూ పోతే స్టేషన్‌లో, ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద ఉన్నాడు. పక్కన కూర్చున్నాను. డోర్నకల్ వైపు పోయే బండి వచ్చింది, పోయింది. గార్లకు ఎన్నోసార్లు ఎక్కిన బండి అది.

"నా మొఖం యాడ పెట్టుకోవాలె?" అన్నాడు ఆఖరికి.

"నా మొఖం పక్కన పెట్టుకో. ఇద్దరిది పోయింది."

ఆయన నవ్వలేదు. గార్లలో ఆ ముసలావిడ కోడలిని గుర్తుచేశాను. "ఆమెను ఆపకుండ్రి అన్న. పరాయోళ్ల కోడలుకు చెప్పిన మాట, నా మొగనికి చెప్పనీకి నాకు ఇన్నొద్దులు పట్టింది. తప్పు నాదే" అన్నాను. ఆ మాటతో ఏడుపు ఆగలేదు. బండి దిగినవాళ్లు చూస్తున్నారని కూడా లేకుండా ఏడ్చాను. ఆయన లేచి ఇంటిదారి పట్టాడు. మర్నాడు పొద్దున నేను బిడ్డకు జడ వేసి బయటికొచ్చేసరికి, చొక్కా తొడుక్కుని, దవాఖాన చీటీ చేతిలో పట్టుకుని గడప దగ్గర నిలబడి ఉన్నాడు.

కాంపౌండరు చీటీ చూసి నెత్తి కొట్టుకున్నాడు. డాక్టరు గారు మాత్రం తిట్టకుండా, "ఎందుకు ఆపారు?" అని మెల్లగా అడిగారు. ఆయన నేల చూస్తూ, "తక్కువైందనుకున్న సార్" అన్నాడు. ఈసారి మందులు పనిచేస్తాయో లేదో చెప్పలేనన్నారు. కొత్త గోలీలు, మళ్లీ సూదులు, మొదటి నుంచి లెక్క. మళ్లీ అవే మెట్లు, అదే వరుస. నాకు అక్కడే నేల మీద పడుకుని నిద్రపోవాలనిపించింది.

ఆ శనివారం అవ్వ సంచి నిండుగా వచ్చింది. మామూలుగా మా ఇల్లు మొదట, అయ్యగారిల్లు ఆఖరు. ఆ రోజు ఇళ్లన్నీ తిరిగి మా ఇంటికి ఆఖరున వచ్చింది. నా కుండలో పోయడం మొదలుపెట్టింది. కుండ నిండింది, గంపలో పోసింది.

"ఏందవ్వా ఇది? ఇవి అయ్యగారియి."

"అయ్యగారే పొయ్యిమన్నడు. ఆయినె మంచిగయ్యేదాంక ఈడనే పొయ్యాలెనట."

"మరి వాళ్లేం తింటరు?"

"గది నువ్వెందుకడుగుతవ్? పట్టు."

మొదటిరోజు వండాను. కొన్ని గుజ్జయ్యాయి, కొన్ని పలుకు మీదే ఉన్నాయి. మధ్యలో పళ్ల కింద రాళ్లు. నేను పడీ పడీ నవ్విన అన్నం అదే. ఇరవై ఇళ్లవాళ్లు, నేను ఆదివారం మాట్లాడితే నోరు విప్పని వాళ్లు, పొద్దున్నే ఎవరింట్లో వాళ్లు మమ్మల్ని తలుచుకుని తీసిన పిడికిళ్లు. ఎవరివి ఏవో పోల్చుకోవడానికి చూసేదాన్ని. దొడ్డువి స్టేషన్ వెనక ఉండే కూలీవాళ్లవి. నూకలు బియ్యం అవ్వ ఇంటివే, ఆమెకు అంతకంటే లేవు. నాకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది, ఆకలి కూడా వేసింది. తిన్నాను. నా విశ్వాసం పెరిగింది ఎక్కడ అని ఎవరైనా అడిగితే జనగామ పందిట్లో కాదని, ఆ ఉడకని అన్నం ముందని చెబుతాను. దర్శనాలేమీ రాలేదు. రోజూ పొద్దున లేచి, ఈ ఒక్కరోజు గడిపించు అని అడిగేదాన్ని. గడిచేది. మర్నాడు మళ్లీ అడిగేదాన్ని.

రెండు నెలలు ఆయన చర్చికి రాలేదు. తర్వాత ఒక ఆదివారం తనే చొక్కా తొడుక్కున్నాడు. సాక్ష్యాలకు లేవమనగానే వెనక గోడ దగ్గర ఆయన లేచాడు. నేను చాప అంచు గట్టిగా పట్టుకున్నాను. మళ్లీ ఏం చెబుతాడో!

"ఈ వారం గోలీలన్ని మింగిన. ఒక్కటి గూడ ఇడువలే" అని కూర్చున్నాడు.

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దగ్గు తగ్గిందని లేదు, దేవుడు ముట్టి స్వస్థపరిచాడని లేదు. దీన్ని సాక్ష్యం అంటారా? ఆడవాళ్ల వైపు నుంచి బియ్యం అవ్వ గొంతు ఒక్కటే "స్తోత్రం" అంది. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆయన లేచేవాడు. ప్రతి ఆదివారం అదే మాట. ఒక్కో వారం, "బుధవారం మర్చిపోయిన. యాదికొచ్చినంక మింగిన" అనేవాడు. ఒక్కో వారం, "మస్తు వాంతులైనయి. అయినా మింగిన" అనేవాడు. కొన్నాళ్లకు పిల్లలు ఆయన లేవగానే కిసుక్కున నవ్వడం మొదలుపెట్టారు. మా బిడ్డ కూడా నవ్వేది. నేను మాత్రం ఒక్కసారి కూడా నవ్వలేదు. ఆయన కూర్చునేదాకా చాప వదిలేదాన్ని కాదు.

అట్లా ఏడాదిన్నర పైనే గడిచింది. అవ్వ నడక మెల్లబడింది, సంచి మోయడానికి నేను తోడు పోవడం మొదలుపెట్టాను. ఒక శుక్రవారం డాక్టరు గారు కఫం చీటీ, ఫోటో పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. ఒక ఊపిరితిత్తి పైభాగం పాడైందని, అది తిరిగి రాదని, బరువులు ఎత్తొద్దని చెప్పారు. రోగం మాత్రం లేదన్నారు. "ఇక మందులు చాలు" అన్నారు. మిగిలిన నాలుగు గోలీలు జేబులోనే ఉన్నాయి, ఆయన ఇంటిదాకా వాటిని తడుముకుంటూ నడిచాడు.

ఆదివారం వచ్చింది. డాక్టరు చెప్పిన సంగతి అప్పటికే అందరికీ తెలుసు, మానుకోటలో ఏ మాట దాగుతుంది? అయ్యగారు కళ్లద్దాలు సర్దుకోకముందే జనమంతా వెనక్కి తిరిగారు. ఆయన గోడ పట్టుకుని లేచాడు. జనగామ వేదిక మీద మోగిన ఆ గొంతు ఇప్పుడు లేదు. నాలుగు మాటలకు ఒకసారి ఆగి ఊపిరి తీసుకోవాలి.

"గోలీలు ఆగినయి" అన్నాడు. ఆగి, ఊపిరి తీసుకుని, "ఈసారి నేను ఆపలే. డాక్టరు ఆపుమన్నడు" అన్నాడు.

చర్చి అంతా స్తోత్రం అంది. నేను కూడా అనబోయాను. చాప అంచు వదిలేశాను, అంతే.